చేతులు వెనక్కి

ప్రభుత్వమిచ్చే సాయం మీద బతికేవాళ్ళకు ఉద్యోగాలు వెతికిపెట్టడం పిన్ని పని. దొరికిన ఉద్యోగం వాళ్ళు మానేయకుండా వెంటపడటం ఆవిడ మొండితనం. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలుస్తారు.

ఆసుపత్రి లాండ్రీలో ఆవిడ చేర్పించిన అమ్మాయి ఈమధ్యే సూపర్‌వైజర్ అయింది. పనంతా తనే చేసేస్తోందనీ, ఇలాగైతే పాత పనిలోకే పంపేస్తామనీ మేనేజరు కబురు పెట్టాడు. పిన్ని ఉన్నపళంగా వెళ్ళింది. సూపర్‌వైజరమ్మ చెమటలు కక్కుతూ దుప్పట్లు మడతపెడుతోంది. మిగతావాళ్ళు గోడకానుకుని చూస్తున్నారు.

"ఏంటే ఈ సంబడం?"

"నిన్నటిదాకా నా పక్కన నిలబడి చేసినవాళ్ళు పిన్నీ. ఇది చెయ్యండి అనడానికి నోరు రావట్లేదు."

"చేతులు ఊరుకుంటేగా నోరు వచ్చేది! వెనక్కి కట్టుకో. నేను చెప్పేదాకా తియ్యకు."

పాపం, కట్టుకుంది. డ్రయ్యర్లోంచి వచ్చిన దుప్పట్లు బల్లమీద గుట్టపడ్డాయి. వెనకాల ఆమె వేళ్ళు ఒకదాన్నొకటి గిల్లుకున్నాయి. గుట్ట ఒరిగింది.

"అయ్యో, పడిపోతోంది, పట్టుకోండి! మీరిద్దరూ ఇటొచ్చి మడతపెట్టండి!"

గోడ దగ్గరవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "హమ్మయ్య, ఇప్పటికి పని చెప్పావు తల్లీ! మా పని నీకు నచ్చట్లేదేమోనని హడలి చస్తున్నాం," అంది ఒకామె.

పిన్ని ముఖం చేటంత అయింది. "చూశావా? మనుషుల్ని నమ్మి పని వాళ్ళకి వదిలెయ్యాలే."

"పిన్నీ," అంది సూపర్‌వైజరు, చేతులు ఇంకా వెనకే ఉంచుకుని, "మరి నీ చేతుల్లో ఏంటది?"

పిన్ని కిందికి చూసుకుంది. మూడో దుప్పటి, సగం మడతలో ఉంది.