ఎదురొచ్చిన పిల్లి పడవ

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది పిల్లలూ, రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తల్లో మాకు నలభయ్యేళ్ళు వచ్చాయి గానీ పెద్దరికం మాత్రం రాలేదు. అనకాపల్లిలో అందరికీ సెల్‌ఫోను పిచ్చి పడితే మీ తాతయ్యకి పడవ పిచ్చి పట్టుకుంది. డ్రాయింగు మాస్టారు కదా, నెట్ సెంటర్లో ఏదో బొమ్మ చూసొచ్చి, వంటింటి గోడకి షీటు అంటించి గీయడం మొదలుపెట్టారు. (పోపు చిట్లి ఆ పడవ మీద పడని రోజు లేదు.) పొట్టిగా, వెడల్పుగా, బెల్లం వండే పెనంలా ఉండేది. ఒకే ఒక్క తెరచాప, దాని స్తంభం కూడా మధ్యలో కాదు, పడవ ముక్కు దగ్గర. "ఒక్క తాడు పట్టుకుని ఒక్క మనిషే నడపొచ్చు. దీన్ని క్యాట్ బోటు అంటారు," అన్నారు గొప్పగా. గాలికి పడవ పక్కకి జారకుండా అడుగున చీలిక పెట్టి, అందులోంచి నీళ్ళలోకి దిగే పలక కూడా గీశారు. బెల్లం వ్యాపారం చేసే మా అన్నయ్య అది చూసి, "ఏటి బావా, పడవకి మీరే బెజ్జం పెట్టేత్తన్నారా? ములిగిపోడానికి అంత తొందరేటి?" అన్నాడు.

పెరడంతా చెక్కపొట్టుతో నిండిపోయేసరికి మా అత్తగారికి విసుగొచ్చింది. "ఒరే, నువ్వు కాకండా ఇంకో మనిషి నమ్మి ఎక్కితేనే ఇది ఇంట్లో ఉంటాది. లేపోతే కర్రంతా బెల్లం పొయ్యిలోకే," అని తేల్చేశారు. తాతయ్య వెంటనే వెళ్ళి, పడవెక్కమని అన్నయ్యని బతిమాలి ఒప్పించారు.

తెరచాప కుట్టే పని నాది. గుడ్డ గాలికి కాస్త ఉబ్బాలన్నారని, బ్లౌజుకి వేసే టక్కులే వేశాను. క్యాట్ అన్నారు కదా అని, ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని, పెద్ద కళ్ళూ మీసాలూ పెట్టి ఒక నల్ల పిల్లిని కూడా కుట్టాను.

చీడికాడ దగ్గర రిజర్వాయరులో పడవ దింపాం. గాలి అందుకోగానే తాతయ్యతో ఝామ్మని వెళ్ళింది. అన్నయ్యని ఎక్కించుకోవడానికి ఇటు తిరిగిందో లేదో, పిల్లి పొట్ట ఉబ్బించుకుని సూటిగా మా మీదికే వచ్చింది. అన్నయ్య టక్కున గట్టున కూర్చుని మంచినీళ్ళు తాగాడు. "బయల్దేరబోతంటే పిల్లి ఎదురొచ్చేసింది బావా!"

"అది గుడ్డ బావా!"

"గుడ్డే గాని, పిల్లే గదా!"

తాతయ్య ఇంకో చుట్టు తిరిగొచ్చారు. మళ్ళీ పిల్లే ఎదురు, మళ్ళీ మంచినీళ్ళే. సీసా ఖాళీ అయింది. "పిల్లిని ఎవరు కుట్టమన్నారే నిన్ను?" అని ఆయన నీళ్ళ మీంచి అరిచారు. "క్యాట్ అన్నది మీరే కదండీ!" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ. నా చేతి కుట్టే పడవని పొయ్యిలోకి తోసేలా ఉంది.

మా అత్తగారు (పిల్లి అరిచినా గడప దాటని మనిషి) గట్టు మీంచి లేచారు. "ఒసే అమ్మీ, ఎదురొత్తేనే గదా దోషం? ఎక్కి కూకుంటే అది మనతోటే వత్తాది!" అని కుచ్చిళ్ళు ఎగదోపి పడవెక్కేశారు. నడి నీళ్ళలోంచి, "ఇంకా పోనీరా, ఇంకా పోనీ!" అని కేకలు.

పొద్దు వాలేదాకా ఆవిడ దిగలేదు. చివరికి నేనెక్కేసరికి గాలి ఆగిపోయింది. నీళ్ళ మధ్య కదలకుండా తాతయ్య, నేను, చప్పబడిపోయిన పిల్లి. ఆయన విసుక్కుంటూ గాలి కోసం చూస్తున్నారు. నేను మాత్రం అదింకాసేపు రాకూడదని లోపల్లోపల దండాలు పెట్టుకున్నాను. ఆనాటి నాలోని ఆ పిచ్చిదాన్ని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది.