బావి మీది ఎర్రగుడ్డ

పామర్రు దాటాక మా మిలిటరీ లారీకి రోడ్డు దొరకలేదు. డెబ్బైల నాటి మాట. ఉప్పెన వచ్చి వెళ్లిన మర్నాడు. ఎండ కాస్తోంది. చేలల్లో ఉప్పునీళ్లు నిలిచి ఉన్నాయి. మా సెక్షన్‌లో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే, మాది ఉయ్యూరు. ఊరివాళ్లతో మాట్లాడే పని నాకు పడింది. సొంత జిల్లాలో డ్యూటీ పడాలని ఎన్నాళ్లుగానో కోరుకున్నాను. ఇలా పడాలని కాదు.

పశువులు పడి చెడిన బావుల పక్కన జెండాలు పాతమని ఆర్డరు. ఆలోచన మా డాక్టరు గారిది. చదువు రానివాళ్లకి రంగు, వచ్చినవాళ్లకి రాత. కొత్త ఎర్రగుడ్డ తాను చించి, నల్లరంగుతో ‘తాగరాదు’ అని నేనే రాశాను. సాయంత్రానికి అన్ని బావుల దగ్గరా పాతాం.

తెల్లారేసరికి కర్రలే మిగిలాయి. ఓ ముసలాయన చేద వేస్తుంటే మా హవల్దారు పరిగెత్తి తాడు లాక్కున్నాడు. ప్రాణాలు కాపాడదామని వస్తే వీళ్లకి గుడ్డపీలికలు కావాల్సొచ్చాయా అని హిందీలో తిట్టాడు. నాకూ ఒళ్లు మండింది. నా వాళ్లే కదా, సిగ్గు కూడా వేసింది.

జెండాలు వెతుక్కుంటూ కాలవగట్టుకి వెళ్లాం. కట్టెలన్నీ తడిసి, కాల్చే దారిలేక అక్కడ శవాలని పూడుస్తున్నారు. ఒకావిడ కూతురి మీద మా గుడ్డ కప్పుతోంది. పిల్లకి కొత్తగా పెళ్లయిందట. మెడలో పసుపుతాడు పచ్చగానే ఉంది.

నేను అడక్కముందే ఆవిడ చెప్పింది. "ముత్తైదువని కొత్తబట్ట లేకుండా పంపకూడదు బాబూ. ఊళ్లో కొత్తదంటూ మిగిలింది మీ గుడ్డలే."

హవల్దారుకి హిందీలో చెప్పాను. ఆయన టోపీ తీశాడు. తర్వాత లారీలో మిగిలిన తాను తెచ్చి గట్టు మీద పెట్టాడు.

ఆవిడ నన్ను పిలిచింది. "దీనిమీద ఏం రాసుంది బాబూ?"

"ఏం లేదమ్మా. మా పటాలం గుర్తు. రాత లోపలికి వెయ్యమ్మా."

చేలో ఎవరూ అడ్డదారిన పడకుండా మా నాన్న తుమ్మకంప వేసేవాడు. అది గుర్తొచ్చి, మధ్యాహ్నానికి బావులన్నిటి మీదా కంప కొట్టించాను. మళ్లీ ఎవరూ చేద వెయ్యలేదు.

డ్యూటీ అయ్యాక బెజవాడలో రైలెక్కాం. ప్లాట్‌ఫారం మీద గార్డు ఎర్రజెండా చుట్టుకుంటూ పోతున్నాడు. నేను తల తిప్పుకున్నాను. ఇప్పటికీ తిప్పుకుంటాను. ఆవిడ నా మాట విని గుడ్డ తిరగేసే కప్పింది. కానీ అది పల్చటి గుడ్డ. కడుపునిండా ఉప్పునీళ్లు మింగి పోయిన ఆ పిల్ల గుండెల మీద నా అక్షరాలు తిరగబడి, తాగరాదు అని కనిపిస్తూనే ఉన్నాయి.