డైనమో మీద కోడి

కూర్చున్న చోట కుదురుగా కూర్చోలేని మనిషిని నేను. అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు ఊపుతూనే ఉంటానని మా అమ్మ తిట్టేది. అలాంటి వాడి చేతికి ఒక పాత కారు, ఆ కారుకు అంతుపట్టని జబ్బు, ఇవి చాలవన్నట్టు కనిగిరిలో మామ. ఇక చూసుకోండి నా అవస్థ.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో సంగతి ఇది. అప్పటికి మార్కాపురం కర్నూలు జిల్లా, కనిగిరి నెల్లూరు జిల్లా. మార్కాపురం స్టేషన్లో రైలు దిగిన వాళ్లను ఊళ్లోకీ, దోర్నాల దాకానూ బాడుగకు తిప్పేవాణ్ని. ఆ ఏడే నా భార్య పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. చూడబోయి ఎత్తుకుంటానంటే, 'మెడ నిలవని బిడ్డ, నీ చేతులు ఊరకుండవు' అని మా అత్త ఇవ్వలేదు. రోషం వచ్చి అదే పూట తిరిగొచ్చాను. తల్లీబిడ్డలను బేసి నెలలో పంపడం ఆనవాయితీ. మూడో నెలలో మంచిరోజు చూసి కబురు పెట్టారు. నా కూతుర్ని ఎద్దులబండిలో తేను, కార్లోనే తెస్తానని నలుగురిలో అనేశాను. అన్న మాట అక్కడే ఉండిపోయింది, కారు మాత్రం పొదిలిలో ఆగిపోయింది. కాఫీ తాగుదామని ఇంజన్ ఆపి, ఎండ తగ్గేదాకా నడుం వాల్చి లేచేసరికి బ్యాటరీ చచ్చి ఉంది. ఎద్దులు కట్టి కారును ఇంటికి లాక్కొచ్చుకున్నాను. దారి పొడుగునా పొలాల్లో జనం పని ఆపి మరీ చూశారు.

అయిదో నెల వచ్చింది. మొదట చెప్పిన రోజు కారు ఇంటి ముందు నుంచే కదల్లేదు. మామ కబురు చేశాడు. "గురువారం ఒక్కటే మంచి దినం. ఆ పొద్దు గూడా కారు మొరాయిస్తే ఏడో నెల దాకా పిల్లను పంపేది లేదని చెప్పు. కర్నూలు జిల్లా కారు, నెల్లూరు జిల్లాలోకి యాడొస్తాదిలే." ఈ మాటలు మోసుకొచ్చిన మిరపకాయల వ్యాపారే నా భార్య మాట కూడా చెప్పాడు. "కారులో అయితే కారులో, బండిలో అయితే బండిలో, లేదంటే నడిచైనా రమ్మనింది నాయనా. రావడమొకటే కావాలంట." ఆమె కూడా తండ్రితో కలిసి నా కారును ఎకసెక్కం చేస్తోందనుకున్నాను. ఒళ్లు మండిపోయింది.

కారు జబ్బు ఇదీ. పగలంతా చక్కగా తిరుగుతుంది. సాయంత్రం ఆపితే తెల్లారేసరికి బ్యాటరీలో ప్రాణం ఉండదు. ఇంజన్ తిప్పే సెల్ఫ్ మీట నొక్కితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. పోనీ హ్యాండిల్ తిప్పుదామంటే, బ్యాటరీ లేని కారులో ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టదు. రోజూ ఇట్లాగే ఉన్నా తెలిసేది, నాలుగు రోజులు బాగుండి అయిదో రోజు ఏడిపించేది. ఛార్జింగు వస్తోందా పోతోందా అని చెప్పాల్సిన మీటరు ముల్లు నేను కొన్ననాటి నుంచీ సున్నా దగ్గరే పడుకుని ఉంది. దాన్ని బాగుచేయించేంత ఓపిక ఉంటే నాకీ కథే లేదు.

ఊళ్లో ఆయిలింజన్ పెట్టి బ్యాటరీలు ఛార్జింగ్ చేసే మిల్లాయన గాజుగొట్టంతో యాసిడ్ పీల్చి చూశాడు. "బ్యాటరీ మంచిదే అబ్బాయా. కుండ బాగనే ఉంది, యాడనో కారుతాంది. నిదానంగా ఒక్కొక్క తీగె చూసుకో" అన్నాడు. నిదానమనే మాట వింటేనే నాకు కారం రాసినట్టుంటుంది. ఇంకో బ్యాటరీ తెచ్చి పెట్టాను, అదీ చచ్చింది. బ్యాటరీకి కరెంటు పుట్టించే డైనమో బెల్టు మార్చాను. బ్యాటరీ కొమ్ములకు పట్టిన తెల్లటి పొక్కు వేడినీళ్లతో కడిగాను. దీపాల తీగలు ఊడబీకి కొత్తవి వేశాను. ఒకటి మార్చి ఫలితం చూసేలోపే ఇంకోటి విప్పేవాణ్ని. చివరికి దేనివల్ల బాగయిందో, దేనివల్ల చెడిందో నాకే తెలియకుండా పోయింది. పొద్దున్నే మళ్లీ విప్పాలి కదా అని బానెట్ ఒక పక్క రెక్క మూయడం కూడా మానేశాను.

ఆ రోజుల్లోనే పక్కింటి అవ్వతో పేచీ మొదలయింది. కూలికి పోయి బతికే మనిషి, ఆదివారం ఉతికిన చీర కట్టుకుని ప్రార్థనకు తప్పక వెళ్లేది. ఆమె కోడి గుడ్లు కనబడటం లేదట. "కోడి నీ ఇంటి దిక్కే పోతాంది. ఆడమనిషి లేని ఇల్లు, గుడ్లు ఉడకేసుకునేది సులువే" అని వీధిలో అందరూ వినేట్టు అంది. నేనూ తక్కువ తినలేదు, నాలుగు మాటలు తిరిగి అన్నాను.

మంగళవారం పొద్దున, చలికి వణుకుతూ సెల్ఫ్ నొక్కాను. టక్కుమంది. గురువారం దగ్గరకొచ్చేసింది. కాలు కాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగి, పట్టలేక బానెట్ మీద ఒక్కటి చరిచాను. లోపల్నుంచి కొక్కొక్కొమని కేకలు. చూస్తే డైనమో మీద నేను వదిలేసిన నూనెగుడ్డల్లో అవ్వ కోడి, దాని కింద గుడ్లు. మామ మీది కోపమంతా కోడి మీద తీర్చుకోబోయాను. అవ్వ పరుగెత్తుకొచ్చి నన్ను పక్కకు తోసి, కోడిని చంకలో పెట్టుకుని, గుడ్ల కోసం చెయ్యి లోపలికి పెట్టింది.

"రాత్రి ఈడ పొయ్యి ఎలిగించినావా ఏంది? ఇనుము ఇంత వెచ్చగుంది."

"కోడి పండుకుంటే వెచ్చగా కాక చల్లగుంటదా అవ్వా?" అన్నాను విసురుగా.

"నాకు చెప్పొచ్చినావే. కోడి కింద పైపైన వెచ్చనైతది. ఇది అడుగునుంచి ఎక్కుతాంది. నువ్వే పెట్టి చూడు."

చెయ్యి పెట్టాను. ఇంజన్ మంచులా ఉంది. డైనమో మాత్రం అడుగున కూడా వెచ్చగా ఉంది. నిన్న సాయంత్రం ఆపిన కారులో ఇదొక్కటి తెల్లారేదాకా ఎట్లా కాగుతుంది? డైనమోకూ బ్యాటరీకీ మధ్య కటౌట్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటుకు దారి వదిలి, ఆగగానే మూసే తలుపు లాంటిది. మూత తీసి చూస్తే లోపలి రెండు బిళ్లలూ కరిచిపట్టుకుని ఉన్నాయి. తలుపు మూసుకోవడం మానేసింది. రాత్రల్లా బ్యాటరీ ప్రాణం డైనమోలోకి కారిపోతోంది, ఆ వేడికి కోడి గుడ్లు పొదగాలని చూస్తోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చాకుమొనతో బిళ్లలు విడదీసి గరుకు కాగితంతో రుద్దాను. బ్యాటరీని మిల్లుకు పంపి ఛార్జింగ్ పెట్టించి తెచ్చుకున్నాను.

బుధవారం తెల్లారి చూస్తే కోడి మామూలుగానే వచ్చింది. డైనమో మీద కూర్చుంది, అటూ ఇటూ మసిలింది, నచ్చక దిగి వెళ్లిపోయింది. సెల్ఫ్ నొక్కితే ఒక్క దెబ్బకు ఇంజన్ అందుకుంది.

"నా కోడి గూడు చెడగొట్టినావు" అని అవ్వ సణుగుతూనే ఉంది. నేను అప్పటికే వీధి మలుపు తిరిగాను.

దారి పొడుగునా ఆపి ఆపి డైనమో తడిమి చూసుకుంటూ, పొద్దుగూకే వేళకు కనిగిరి చేరాను. నా భార్య బిడ్డను ఎత్తుకుని గడపలో నిలబడింది. "ఉండు, ఇప్పుడే వస్తా" అని చెప్పి బానెట్ ఎత్తాను. బిళ్లలు విడిగానే ఉన్నాయి, అయినా నమ్మకం చాల్లేదు. అన్నం తింటున్నంతసేపూ చెవి వీధిలోనే. మంచం కారు పక్కనే వేయించుకున్నాను. కన్ను మూతపడటం, ఉలిక్కిపడి లేవడం, డైనమో తడమడం, ఇదే పని.

తెల్లవారింది. వాకిట్లో వీధి వీధంతా చేరింది. మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వర్జ్యం రాకముందే బయల్దేరాలి. బానెట్ ఎత్తి, జ్వరం చూసినట్టు మునివేళ్లతో డైనమో తాకాను.

"చల్లగుంది" అన్నాను అందరికీ వినబడేలా.

నా భార్య బిడ్డనెత్తుకుని మెట్లు దిగి వచ్చింది. "నిన్నటినుంచి దాన్ని ఎన్ని తూర్లు తాకినావో నువ్వే చెప్పు. దీన్ని ఒక్కతూరైనా తాకినావా?" అంది. గొంతు పెంచలేదు. "రమ్మని కబురు చేసింది నేను. కారును రమ్మన్లేదు."

ఆమె బిడ్డను నా చేతుల్లో పెట్టి, అరుగు చూపించింది. "కూచో. నువ్వు కూచుంటేనే నేను కారెక్కేది."

"వర్జ్యం వస్తాంది తల్లీ" అన్నాడు మామ.

"రానీ నాయనా. అయిదు నెలలు చూసినా, ఇంకొంచేపు చూస్తా."

కూర్చున్నాను. పిల్ల నా మసివేలు పట్టుకుని మొహంలోకి చూసింది, పెదవి విరిచింది. ఏడవబోతోంది. ఏం చేయాలో తెలియక నా కాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. మా అమ్మ తిట్టిన ఊపే. ఆ ఊపుకు పిల్ల కళ్లు వాలిపోయాయి, నా ఒళ్లో నిద్రపోయింది.

నేను లేవకపోయేసరికి మామకే ఆత్రం పట్టింది. "ఏది నొక్కాలో చెప్పు అల్లుడా" అని అడిగి, కారులోకి వంగి తానే నొక్కాడు. ఇంజన్ మొదటి దెబ్బకే అందుకుంది. పెట్టె ఎక్కించారు, చాపలు ఎక్కించారు, నా భార్య ఎక్కి కూర్చుంది. అందరూ నా వైపే చూస్తున్నారు.

"ఉండండి," అన్నాను, "పిల్ల పండుకుంది, కదిలితే లేస్తాది."