ఇంకా కాళ్లు కడుక్కోని గంగమ్మ

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదీ తాగేది వాగు నీళ్లే. ఆసిఫాబాద్ దగ్గర మా ఊరి పక్కనుంచి పారే ఆ వాగు ఎండాకాలం వచ్చేసరికి అక్కడక్కడా మడుగులుగా మిగిలేది. పారని నీళ్లు కదా, అడుగున పాచి, పైన బర్రెలు. అందుకని ఇసుకలో చెలిమె తవ్వి, అందులో ఊరిన నీళ్లు ముంతతో తోడుకునేవాళ్లం.

ఆ ఏడు మిరుగం వానలు, అంటే మృగశిర కార్తె వానలు, ముందే పడ్డాయి. ఒక పొద్దున వాగు ఎర్రగా, నురగలతో వచ్చేసింది. మా వైపు కొత్త నీళ్లు వస్తే గంగమ్మ వచ్చినట్టే. ఆడవాళ్లు పసుపు కుంకుమ వేసి, దోసెడు తీర్థంలా తాగి, ముంతెడు ఇంటికి తీసుకెళ్లేవారు. మా తమ్ముడేమో వాంతులు విరేచనాలతో ఏడ్చే ఓపిక కూడా లేక ఇంట్లో పడి ఉన్నాడు. "గంగమ్మనే ఇంటి ముంగటికచ్చింది, పోరనికి గింత తాపు" అని అందరూ చెబుతుంటే, ఏమీ తోచని మా అవ్వ (అమ్మను మేం అలాగే పిలిచేవాళ్లం) ముంత నింపింది.

మా ఇంట్లోనే ఉండే అమ్మమ్మ ఆ ముంత అందుకుంది. దండం పెట్టకుండా వాగులో కాలు పెట్టని మనిషి ఆవిడ. ఆ రోజు అందరికంటే ఎక్కువసేపు మొక్కింది. మొక్కి, ముంతలో నీళ్లు తిరిగి వాగులోనే ఒంపేసింది. గట్టు మీద వాళ్లంతా బిత్తరపోయారు.

"గంగమ్మ కోపానికస్తే పోరడు దక్కుతడా?" అంది పక్కింటి పెద్దమ్మ.

"తల్లి ఊరూరు తిరిగచ్చింది. అడివిల ఆకు, చేన్ల పెంట, వల్లకాట్ల బూడిద అన్ని మోసుకచ్చింది. ఇంటికచ్చిన సుట్టాన్ని కాళ్లు కడుక్కోనియ్యకుంట పొయ్యి కాడికి తీస్కపోతమా? జర నిమ్మలంగ పారనియ్యి. అడుగున రాళ్లు కానస్తయి గదా, అప్పుడు తాగుదం" అంది అమ్మమ్మ.

అంటూనే వరద అందని ఎత్తు ఇసుకలో చెలిమె తవ్వింది. మొదట ఊరిన నీళ్లు తోడి పారబోసింది. మళ్లీ ఊరితే అవీ పారబోసింది. అవ్వ ఏడుస్తూ తొందరపెట్టినా వినలేదు. తేటపడ్డాకే కొంగుతో వడగట్టి తెచ్చి, బాగా మరిగించి, ఉప్పు గంజి కాచి కొంచెం కొంచెంగా తాపింది. కొన్నాళ్లకు తమ్ముడు లేచి "అవ్వా, జొన్న గట్క పెట్టు" అని అడిగాడు. అవ్వ పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో నల్లా ఉంది. తొలి వానలకు ఆ నీళ్లు రంగు మారితే మరిగించుకోవడం ఎవరైనా చేస్తారు. నాకు ఆశ్చర్యం కలిగించేది అమ్మమ్మ ధైర్యం. ఊరంతా ఒక్క మాట మీదుంటే, తాను ప్రాణంగా కొలిచే తల్లి ఎదుటే నిలబడి, ఒక పసివాడి కోసం కాసేపు ఆగమని ఆ తల్లినే అడగగలిగింది. అంతటి గుండె నాకు లేదు. కానీ దేనికైనా చేతులు జోడించే ముందు, దానివల్ల ఇంట్లో పసివాళ్లకు ఏమవుతుందోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.