నోటితో మోగించిన ఇంజను

మా బావగారు, అంటే మా ఆవిడ అన్నగారు, కార్ల మెకానిక్కు. ఆయనకి ఒక్కటే పిచ్చి. కారు ఎలా చప్పుడు చేస్తోందో దాని యజమాని తన నోటితో చేసి చూపిస్తే తప్ప బానెట్ ఎత్తరు.

"ఏదో చప్పుడు వస్తోంది" అంటే చాలదు. ఎలాంటి చప్పుడో చెయ్యాలి. టై కట్టుకున్న బ్యాంకు మేనేజరు ఒకాయన షెడ్డు మధ్యలో నిలబడి పావుగంట సేపు "కిర్ర్... కిర్ర్" అంటే, బావగారు కళ్లు మూసుకుని విని, "కాస్త ముక్కుతో అనండి సార్" అన్నారు. రిటైరైన లెక్కల టీచరమ్మ బ్రేకుల చప్పుడు ఎంత నికార్సుగా చేసిందంటే, రోడ్డు మీద పోతున్న సైకిలాయన పక్కకి దూకాడు. టైరు పంచరైన వాళ్లని కూడా వదలరు. "ఉస్స్" అనాల్సిందే.

నాకు ఈ వేషాలు గిట్టవు. నేను లైబ్రేరియన్ని. పుస్తకం చదివితే ఏ విద్యయినా వచ్చేస్తుందని నా నమ్మకం. ఈత కూడా అలాగే నేర్చుకున్నాను, అందుకే నీళ్ల జోలికి వెళ్లను.

మా ఆవిడ కారులో ఇంజనుకి జబ్బని చెప్పే పసుపు దీపం వెలిగినప్పుడు బావగారికి చెప్పనివ్వలేదు. ఇంజను తప్పులు చదివే చిన్న మిషను కొని తగిలించాను. క్యామ్‌షాఫ్ట్ అదుపు తప్పిందని అందులో వచ్చింది. ఇంజను వాల్వుల్ని వేళకి తెరిచి మూసే కడ్డీని క్యామ్‌షాఫ్ట్ అంటారని, ఆ వేళే తప్పిందని ఆవిడకి అరగంట పాఠం చెప్పాను. బాగవుతుందా అని మాత్రం అడిగింది. నేనున్నాగా అన్నాను. క్యామ్‌షాఫ్ట్‌ని కనిపెట్టుకుని ఉండే సెన్సర్ పీకి కొత్తది పెట్టాను. దీపం ఆరింది. రెండు రోజులకి మళ్లీ వెలిగింది. కొత్తదాన్నీ పీకి ఇంకో కొత్తది పెట్టాను. ఈసారి ఒక్కరోజే ఆరింది.

మా ఆవిడ నర్సు. ఆసుపత్రి ముప్ఫై కిలోమీటర్ల దూరం. మర్నాడు డ్యూటీకి వెళ్తుంటే నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగిపోయింది. వెనక లారీలు, హారన్లు. ఇంటికొచ్చి అరవలేదు. అరిచినా బాగుండేది. చెప్పులు విప్పుతూ, "ఆసుపత్రి పక్కన గది చూశాను. ఒకటో తారీకు నుంచి అక్కడే ఉంటాను, ఆదివారాలు వస్తాను. నాకీ కారు మీద నమ్మకం లేదు" అంది. అన్నది కారునే గాని చూపు నా మీద ఉంది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆవిడ సాయం లేకుండా నేను చేసిన ఘనకార్యం పొయ్యి మీద పాలు పొంగబెట్టడం ఒక్కటే.

వారం రోజులు మా మధ్య మాటల్లేవు. చివరికి నేనే దిగొచ్చాను, ఇద్దరం కారు తీసుకుని బావగారి షెడ్డుకి వెళ్లాం. ఆయన పెద్ద మిషను తగిలించి, తెరకేసి ఒకసారి చూసి పక్కన పెట్టేశారు. ఇక కానివ్వమన్నారు. మిషను చెప్పేసింది కదా అని గొణిగాను.

"మిషను చెప్పిందిలే బావా, నువ్వు చెప్పు."

మా ఆవిడ ముందు "టకటకటక... దడ్" అంది. నేను చదువుకున్నవాడిలా గొంతు సవరించుకుని "డగ్ డగ్" అన్నాను. అది ట్రాక్టరన్నారు బావగారు. మళ్లీ చేస్తే మిక్సీ అన్నారు. ఆఖరికి ఆవిడని ఇంజనులా, నన్ను వాల్వుల్లా చప్పుడు చెయ్యమన్నారు, ఇద్దరం ఒకేసారి. ఆవిడ టకటకలాడిస్తుంటే మధ్యమధ్య నేను "క్లిక్కు" అనాలి. మూడుసార్లు తాళం తప్పాను. నాలుగోసారి క్లిక్కుకి బదులు ఎక్కిళ్లు వచ్చాయి. మా ఆవిడ కారుకి చెయ్యి ఆనించి, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ నవ్వు మళ్లీ విన్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

బావగారు అప్పుడు రెంచీ పట్టారు. బొటనవేలంత ఆయిల్ వాల్వొకటి విప్పి అరచేతిలో పెట్టి చూపించారు. దాని జల్లెడ నిండా నల్లటి మడ్డి. ఇంజను ఆయిలే ఇందులోంచి వెళ్లి క్యామ్‌షాఫ్ట్‌ని సరైన వేళకి తిప్పాలట, అది చిక్కబడి దారి మూసుకుపోయిందట.

"పాపం ఆ సెన్సరు మొదట్నుంచీ నిజమే చెప్తోంది బావా. నిజం చెప్పినందుకు రెండుసార్లు దాన్ని ఉద్యోగంలోంచి తీసేశావు."

"ఆరు నెలల కిందటే ఆయిల్ మార్పించారు కదా" అంది మా ఆవిడ నావైపు తిరిగి.

నిజానికి అప్పుడు నేను చేసిందల్లా ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడడం. గీత దాకా ఉంది. ఉన్నదాన్ని మార్చడం దేనికని పుల్ల గుచ్చేసి, మార్పించానని చెప్పాను. ఆ మడ్డి చూసిన ఏ మెకానిక్కయినా ఈ సంగతి ఇట్టే చెప్పేస్తాడు. బావగారు మాత్రం ఇంజనులో తల దూర్చి, ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతున్నారు. మామూలుగా అయితే నేను ఏ పుస్తకాన్నో అడ్డం పెట్టుకునేవాణ్ని. కాని ఎక్కిళ్లతో వాల్వు వేషం కట్టినవాడికి ఇంకా పోయే పరువేముంది?

"మార్పించలేదు. అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆవిడ నవ్వు ఆగింది, కాని మొహం మునుపటంత బిగుసుకోలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

మిషను చూడగానే జబ్బు తెలిసిపోయాక మాచేత ఆ కూతలెందుకు పెట్టించారని బావగారిని అడిగాను. ఆయన వాల్వు జల్లెడ కడుగుతూ చెప్పారు.

"కారు చెడితే కారుని ఎవరూ తిట్టరు బావా, పక్కనున్నవాళ్లని తిడతారు. ఇద్దరూ కలిసి కాసేపు కూతలు పెట్టారనుకో, ఇక తిట్టుకోవడానికి మొహం చెల్లదు. నేను నింపాదిగా పని చేసుకోవచ్చు."

ఇన్నాళ్లూ ఆయన్ని పిచ్చివాడనుకున్నందుకు సిగ్గేసింది. ఆ మాటా ఆయనకే చెప్పేశాను. తెలుసులే, ఆ గుడ్డ ఇలా అందుకో అన్నారు.

కొత్త ఆయిల్ పోశాక ఇంజను అసలు ఉందా లేదా అన్నంత మెత్తగా తిరిగింది. మా ఆవిడే నడిపింది. కాస్త దూరం పోయాక, చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడే గదివాళ్లకి వద్దని ఫోను చేసేశానంది.

"కారు బాగవుతుందనా?" అన్నాను.

"కారుదేముంది, అన్నయ్య ఎప్పుడైనా బాగుచేస్తాడు. మీరు నిజం చెప్పారని."

ఇప్పుడు మా ఇంట్లో ఆయిల్ ఆవిడే మారుస్తుంది. నాకు గరాటు పట్టుకునే ఉద్యోగం ఇచ్చింది. ఇప్పటికి రెండుసార్లు ఒలకబోశాను. రెండుసార్లూ ఆవిడ అడక్కముందే ఒప్పేసుకున్నాను.