సస్కటూన్ షెడ్డులో స్వీడన్ విమానం

కెనడాలోని రెజైనాలో శనివారం ఏడున్నర బస్సు ఎనిమిదికి కదిలింది. సొంత ఊళ్లో ఉన్నట్టే అనిపించింది. టికెట్ ధర చెప్పను, వింటే మీరు నడిచి వెళ్తారు.

నేను విమానాల రిపేరు చదువుతున్నాను. సోమవారంలోగా ఎవరైనా కో-ఆప్ పనిలో, అంటే చదువులో భాగంగా చేయాల్సిన ఉద్యోగంలో, పెట్టుకోకపోతే ఈ టర్మ్ పోయినట్టే. మేం అద్దెకుండే బేస్‌మెంట్‌లో ఏడుగురమూ అప్లై చేసేవాళ్లమే. జవాబులు మాత్రం పిజ్జా కూపన్ల వాళ్ల దగ్గర్నుంచే వస్తాయి. చివరికి సస్కటూన్ బయట పాత స్వీడన్ విమానం బాగుచేస్తున్న ఎరిక్ గారు రమ్మన్నారు.

పక్క సీట్లోని గుంటూరు అమ్మాయి సౌమ్య నా నోట్సులోకి తొంగిచూసింది.

"టున్నన్, లాన్సెన్... ఏంటన్నా, మందుల పేర్లా?"

"స్వీడన్ ఫైటర్ జెట్లు. టున్నన్ అంటే పీపా."

"యుద్ధానికి పీపానా! శత్రువు నవ్వలేక చచ్చుంటాడు."

"లావుగా ఉండేదిలే. తర్వాతవాటికి ఈటె, డ్రాగన్, పిడుగు అని పెట్టుకున్నారు."

"అప్పటికి డైట్ చేసుంటాయి," అంది.

పదకొండుకి దిగి, డబ్బాలోని పులిహోర తినేలోపే ఎరిక్ గారి ట్రక్కు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. షెడ్డు తలుపు తీయగానే నాకు మాట ఆగిపోయింది. మా ఇంట్లో తెలిస్తే పండగ చేసుకుంటారు. ఎదురుగా నాలుగు సీట్ల సఫీర్, అంటే నీలం రాయి. ఎండ పడ్డ అల్యూమినియం రెక్క నీళ్లలా మెరుస్తోంది. కుర్రతనంలో స్వీడన్‌లో ఆయన మెకానిక్‌గా చేరింది ఇలాంటిదాని దగ్గరేనట.

"పేరుకి ముందు అక్షరాలు పని చెబుతాయి," అన్నారాయన. "జె అంటే వేట, ఎ అంటే దాడి, ఎస్ అంటే నిఘా. ఇప్పటి జెట్ గ్రిపెన్‌కి మూడూ ఉన్నాయి. పేరేమో, మనిషి ప్రేమగా పిలుచుకోడానికి."

రెక్క కిందికి దూరి, అడుగు ప్యానెల్ విప్పి, విమానాన్ని తిప్పే తీగలు చూడమన్నారు. ట్రేలో ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలో గుంట ఉంది. లోపల ఏదీ మర్చిపోకుండా, గుంటలన్నీ నిండాకే ప్యానెల్ మూయాలి. చీకటిగా ఉంటే నా జేబులోని టార్చి వేసుకుని చూశాను. గుంటలన్నీ నిండాయి. ముప్పై మరలూ బిగించాను.

ఆయన కాఫీ పోసి, నా కాలేజీ ఫారం ముందు పెట్టుకుని పెన్ను మూత తీశారు. జేబులో చెయ్యి పెట్టాను. టార్చి లేదు. నా సొంతది కదా, ట్రేలో దానికి గుంట లేదు.

అర నిమిషం నోరు మూసుకుంటే సంతకం అయిపోయేది. నోరు మూసుకోవడం నాకెప్పుడూ చేతకాలేదు.

"సార్, నా టార్చి రెక్కలో ఉండిపోయింది."

పెన్నుకి మూత పెట్టేశారు. ముప్పై మరలూ ఆయనే విప్పారు. టార్చి తీగకి ఆనుకుని ఇంకా వెలుగుతోంది.

"బ్యాటరీ మంచిదే," అన్నారు.

బస్సు దగ్గరికి తీసుకెళ్తూ ఆయన విగ్గెన్ గురించి చెప్పారు. పిడుగని పేరున్న ఆ జెట్ అడవుల మధ్య మామూలు రోడ్ల మీద దిగేదట. నా వయసు కుర్రాళ్లే పరుగున వెళ్లి ఇంధనం నింపి, నిమిషాల్లో మళ్లీ పైకి పంపేవారట.

దిగేటప్పుడు ఫారం చేతిలో పెట్టారు. సంతకం ఉంది.

"రెక్క తెరిచే ఉంది. సోమవారం వచ్చి నువ్వే మూయాలి."

సాయంత్రం ఐదు గంటల బస్సెక్కాను. సగం దారిలోని డేవిడ్సన్ ఊరు వచ్చేలోపు ఆ సంతకం నాలుగుసార్లు చూసుకున్నాను. కిటికీ బయట హైవే గీత గీసినట్టు, ఖాళీగా సాగుతోంది. ఇన్నాళ్లూ నిద్రపుచ్చే రోడ్డనుకున్నాను. ఇవాళ మాత్రం, విమానం దిగాలంటే కరెంటు స్తంభాలు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుంటూ రెజైనా దాకా మేలుకునే ఉన్నాను.