ఖాళీ రౌండు

"బావా, నీకు భయమా, బద్ధకమా?"

అడిగినవాడు బావమరిది, హెలికాప్టర్ల కంపెనీలో మేనేజరు. అడిగించుకున్నవాడు అదే కంపెనీలో పైలట్. ఇరవై రెండేళ్లుగా కొండల్లో అంటుకున్న మంటల మీద నీళ్లు పోయడమే అతని ఉద్యోగం.

"భయమే. బద్ధకమైతే ఇంట్లో పడుకునేవాణ్ణి కదరా," అన్నాడు.

పత్రికలవాళ్లు ఇలాంటివాళ్లని ఆకాశవీరులంటారు. రాసుకోనివ్వండి. పొగలో, రెండు కొండల సందున, టన్ను నీళ్ల బకెట్ కింద వేలాడేసుకుని ఎగిరేవాడికి కావలసింది ఒకటే, వెనక్కి తిరగడానికి చోటు. వేడిగాలిలో యంత్రానికి బలం చాలదు. శిఖరం దాటి దిగే గాలి నెత్తిన చెయ్యి వేసి నొక్కినట్టు కిందికి తోస్తుంది. వీటన్నిటికంటే పాడుది తీగ. అది కనపడదు. దాని స్తంభాలు కనపడతాయి, అదీ వెతికితేనే. వెతకడం అతనికి ఎంత అలవాటైపోయిందంటే, పాలపాకెట్టు కోసం వీధిలోకి వెళ్లినా తలెత్తి స్తంభాలు చూసుకుంటూ నడుస్తాడు. ఓసారి అలాగే గోతిలో కాలు పెట్టి మడమ బెణికించుకున్నాడు.

ఏ లోయలోనైనా నీళ్లు పోసేముందు బకెట్ ఖాళీగా ఒక రౌండు తిరిగి చూసుకోవడం అతని పద్ధతి. కంపెనీ మంట మీద పడ్డ బకెట్లకే డబ్బు ఇచ్చేది. ఖాళీ రౌండుకి పైసా లేదు. తోటి పైలట్లు అతనికి 'తిరుగుటపా' అని పేరు పెట్టారు.

ఆ వేసవి పళ్లతోటల లోయ అంటుకున్నప్పుడు బావమరిది రేడియోలో బేరం పెట్టాడు. "చూడ్డానికి ఎలాగూ పోతావు. ఆ పోయేదేదో నీళ్లతో పో బావా. చూసినట్టూ ఉంటుంది, పోసినట్టూ ఉంటుంది."

వాదించి వాదించి విసిగి ఉన్నాడు. సరేనన్నాడు. ఇన్నేళ్లలో అంత తెలివితక్కువ మాట అతని నోట రాలేదు.

పొగ విడేసరికి ఎడమ గట్టున ఒక కొత్త స్తంభం. కుడి గట్టున దాని జత. మధ్యలో ఉండాల్సింది కంటికి ఆనలేదు. పైకి లాగాడు. బరువుకి యంత్రం మూలిగింది గాని లేవలేదు. మీట నొక్కి నీళ్లన్నీ బండల మీద వదిలేశాడు. తేలికపడ్డ హెలికాప్టర్ ఎగిసింది. బకెట్ అడుగు తీగని మనిషెత్తు ఎడంలో దాటింది.

తీగ వేయించింది తోట యజమాని, పళ్లబుట్టలు కిందికి దించడానికి. వేసి రెండు నెలలు. మ్యాపులో ఎందుకు లేదని అడిగితే, "ఎవరికి చెప్పాలో చెబితే చెప్పేవాణ్ణి కదండీ," అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. ఒళ్లు మండేది అక్కడే.

సంగతి తెలిసి పైలట్ భార్య తమ్ముణ్ణి పిలిపించి వంటింట్లో నిలబెట్టింది. "మీ బావని చంపి నాకు సన్మానపత్రం తెచ్చిద్దామనుకున్నావా?"

"పైవాళ్ల ఒత్తిడక్కా..."

"ఆ పైవాళ్లని బకెట్లో కూర్చోబెట్టి ఒక రౌండు తిప్పమను మీ బావని. ఒత్తిడంటే ఏంటో వాళ్లకీ తెలుస్తుంది."

మూడు వారాలు రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఆ మూడు వారాల్లో బావమరిది ఒక్క మంచిపని చేశాడు. ప్రతి లోయలో మొదట ఖాళీ రౌండు తప్పనిసరి, దానికీ డబ్బు ఇవ్వాలి అని కంపెనీ చేత రాయించాడు. కంపెనీ వెంటనే 'భద్రతే మా ప్రాణం' అని గోడకెక్కించుకుంది. ప్రాణం ఎవరిదో రాయలేదు.

ఆనాటి నీళ్లు మాత్రం మంట మీద కాక బండల మీద పడ్డాయి గనక లెక్కలోకి రావని గుమస్తా తేల్చాడు. పైలట్ మూడుసార్లు అర్జీ పెట్టాడు. ఆ ఒక్క బకెట్ డబ్బు కంపెనీ అతనికి ఇంకా బాకీ ఉంది.